ఐదు వేళ్ళ భల్లూకం

ఆ రోజుల్లో చిన్నపిల్లలున్న ఇంట్లో టీవీ రిమోట్ మీద పెద్దవాళ్ళకి ఏ హక్కూ ఉండేది కాదు. ఇప్పుడంటే ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి బొమ్మలు వాళ్ళవి. అప్పట్లో ఇంటికి ఒకటే టీవీ, దానికి ఒకడే దొర. మనం వార్తలు చూడాలంటే ఆ దొరగారు నిద్రపోయేదాకా కాచుకోవాలి. పైగా సరిగ్గా అదే సమయంలో ఎక్కడెక్కడి కార్టూన్ బొమ్మలన్నీ ఉన్నట్టుండి తెలుగు మాట్లాడటం మొదలుపెట్టాయి. అదేం తెలుగనుకున్నారు! పురాణం చెప్పే పంతులుగారు కూడా ఇంటికెళ్ళి కండువా తీశాక మాట్లాడని తెలుగు. 'మిత్రమా, మనం తక్షణమే ఇక్కడినుండి బయలుదేరాలి' అని ఒక పిల్లి అంటే, 'నీ ఆలోచన అత్యద్భుతం' అని ఒక కప్ప మెచ్చుకునేది. నాకు నవ్వొచ్చేది కానీ, నిజం చెప్పొద్దూ, లేచి వెళ్ళబుద్ధయ్యేది కాదు. డిగ్రీ పూర్తిచేసి, ద్వారకా నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్తున్న పెద్దమనిషిని, సాయంత్రం అయ్యేసరికి నేలమీద బాసింపట్టు వేసుకుని పిల్లీ కప్పల సంభాషణ వింటూ ఉండేవాణ్ణి.

ఈ కార్యక్రమం జరిగేది పద్మనాభంలో మా అక్కా వాళ్ళింట్లో. కోచింగ్ కోసం నేను అక్కడే ఉండి రోజూ బస్సులో పట్నం వెళ్ళి వచ్చేవాణ్ణి. మా బావకి పోర్టులో ఉద్యోగం, వచ్చాక వరిపొలం. టీవీకి దొర మాత్రం అక్క కొడుకు, అందరూ బుడ్డోడు అనే వాడు, అప్పుడే బడిలో వేశారు. వాడికి ప్రాణం జిలేబీ భల్లూకం. అదొక కార్టూన్ ఎలుగుబంటి. జిలేబీ రంగులో గుండ్రంగా ఉంటుంది. ఒళ్ళంతా కలిపితే ఎంతో తల ఒక్కటే అంత. ఆపదలో ఉన్నవాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చి, మూడు గంతులేసి 'భయం వలదు మిత్రులారా! జిలేబీ వచ్చేసింది!' అంటుంది. దాన్ని చూసి చూసి మావాడు ఇంట్లో కూడా ఆ తెలుగే మాట్లాడేవాడు. ఒకరోజు అన్నం తింటూ, "నానమ్మా, ఈ పప్పుచారు అత్యంత రుచికరంగా ఉంది. ధన్యవాదాలు" అన్నాడు. బావ వాళ్ళమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "ఓలమ్మో, ఈ గుంటడికి ఏటైపోనాది? బేగి దిష్టి తియ్యండే!" అని కేకలేసింది. (తీశారు కూడా. దిష్టి తీసిన ఎండుమిరపకాయల ఘాటుకి దగ్గుతూనే వాడు 'ఈ పొగ భరింపశక్యం కాకున్నది' అన్నాడు.)

అలాంటి వాడు ఒకరోజు బడినుంచి ఏడుస్తూ వచ్చాడు. కారణం పక్కింటి అమ్మాయి. వాడి క్లాసే, వాడికంటే వేలెడు పొడుగు. ప్రతిదానికీ సాక్ష్యం అడుగుతుందని వీధిలో అందరం లాయరమ్మ అనేవాళ్ళం. ఆ పిల్ల క్లాసందరి ముందూ నిలబడి, "జిలేబీ ఉత్తిది. పెన్సిల్‌తో గీసింది. టీవీలోంచి బయటికి రాదు" అని తీర్పిచ్చేసిందట. వీడు వస్తుందన్నాడట. అందరూ నవ్వారట. అన్నం ముట్టడు, టీవీ పెట్టినా తల తిప్పడు, మోకాళ్ళమీద తలపెట్టుకుని కూర్చున్నాడు. ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెడదామని నోరు తెరిచాను. తెరిచిన నోరు నన్నడక్కుండానే ఒక మాట అనేసింది.

"ఒరే, నీ పుట్టినరోజుకి జిలేబీ మనింటికి వత్తాదిరా."

వాడు తలెత్తాడు. ఆ కళ్ళు నేనింకా మర్చిపోలేదు. "నిజముగానా మామయ్యా?" అన్నాడు. నిజముగానే అన్నాను. అంతే, అన్నం తిని మరీ వీధిలోకి పరిగెత్తాడు. తెల్లారేసరికి క్లాసుకీ, టీచరుకీ, ఆటో అతనికీ, కిరాణా కొట్టాయనకీ కబురు చేరిపోయింది. లాయరమ్మ మా గుమ్మంలోకే వచ్చి, "రాకపోతే నువ్వు అబద్దాలోడివని బోర్డు మీద రాస్తాను" అని వాయిదా వేసి వెళ్ళింది. బావ పోర్టునుంచి వచ్చి, లుంగీ కట్టుకుని, కాఫీ తాగుతూ నన్ను పైకీ కిందకీ చూశాడు.

"ఏరా బావమరిదీ, బేంకు ఉద్యోగం తెత్తానన్నావు, ఇప్పటిదాకా తేనేదు. ఇప్పుడు టీవీలోంచి ఎలుగొడ్డుని తెత్తావేటి?"

"నాన్నా! మామయ్య మాట తప్పడు. నాకు పరిపూర్ణ విశ్వాసం ఉంది" అన్నాడు బుడ్డోడు. నామీద నాకే లేని విశ్వాసం అది. బ్యాంకు పరీక్ష తప్పితే మళ్ళీ రాయొచ్చు, ఇది తప్పితే వాడు క్లాసులో తలెత్తుకోలేడు.

మర్నాటినుంచి కోచింగ్ పేరు చెప్పి ఎలుగుబంటి వేటలో పడ్డాను. వేషాలు అద్దెకిచ్చే కొట్లలో కృష్ణుళ్ళున్నారు, దేశనాయకులున్నారు, రెండు చెవులూ ఊడిపోయిన ఒక కుందేలుంది. ఎలుగుబంటి లేదు. అప్పుడు నా స్నేహితుడు రేడియో (నోరు మూయడు కాబట్టి ఆ పేరు) నా భుజం మీద చెయ్యేసి, "ఏటి బావ ఇంత సిన్నదానికి? మా అబ్బా కుట్టేస్తారు పద" అన్నాడు. వాళ్ళ నాన్నగారు పూర్ణా మార్కెట్ వెనక సందులో టైలరు మాస్టరు. పెళ్ళికొడుకుల షేర్వానీలకీ, బ్యాండు మేళం వాళ్ళ కోట్లకీ ఆ పాత టౌన్లో ఆయన తర్వాతే ఎవరైనా. టీవీ మాత్రం ఎప్పుడూ చూసి ఎరగరు.

నేను బుడ్డోడి టిఫిన్ డబ్బా ఆయన ముందు పెట్టాను, మూతమీద జిలేబీ బొమ్మ ఉంటుంది కదా అని. మాస్టరుగారు కళ్ళజోడు సవరించుకుని, మెడలో టేపు తీసి, ఆ బొమ్మకే కొలతలు తియ్యడం మొదలుపెట్టారు. తీస్తున్నకొద్దీ ఆయన మొహం దిగులుగా అయిపోయింది.

"ఎవరు బేటా ఈ పిల్లోడు? తల ఇంత, భుజాలు ఇంతేనా? నడుమే లేదు. వాళ్ళమ్మా నాన్నా దవాఖానాకి తీసుకెళ్ళలేదా?"

"పిల్లోడు కాదు మాస్టారూ, ఎలుగుబంటి. అది అలాగే ఉంటాది" అన్నాను.

"అలాగే ఉంటే ఉండనీ. నా చేతికి వచ్చాక అలాగే పంపుతానా? వంకర భుజాలోడికి కూడా నేను కోటేస్తే సిపాయిలాగ నిలబడతాడు." ఇంకాసేపు చూసి, "అరెరె, పాపం, వేలు కూడా తక్కువే" అని ఏదో గొణుక్కున్నారు. నేను వినిపించుకోలేదు. ఎలుగుబంటి దొరికిందన్న సంబరంలో నాకు సగం మాటలు చెవికెక్కలేదు. నన్ను నిలబెట్టి ఛాతీ, నడుము, చేతి పొడవు కొలుచుకున్నారు. "షాదీ మే పెహన్‌నా హై క్యా?" అని, పెళ్ళిలో వేసుకోవడానికా అని కూడా అడిగారు, అలవాటు కొద్దీ.

పుట్టినరోజు ముందు సాయంత్రం వెళ్ళేసరికి సరుకు సిద్ధం. సంచిలోంచి బయటికి తియ్యగానే రేడియో కూడా ఒక్క క్షణం ఆగిపోయాడు. జిలేబీ రంగు ఏదీ? అంతా ముదురు కాఫీ రంగు మఖమల్! "నారింజ రంగు మగోడికి ఏం బాగుంటాది? ఇదైతే దర్జా" అన్నారు మాస్టరు. తల సైజు తగ్గింది, ఛాతీ విచ్చుకుంది, నడుం సన్నబడింది, భుజాలకి దూది దండిగా పెట్టి నిటారుగా నిలబెట్టారు. లోపలివైపు చేతిరుమాలుకి జేబు కూడా ఉంది. తల లోపల గట్టిదనానికి మార్కెట్లో దొరికిన వెదురుబుట్ట వాడారు. (అది ఎండుచేపల బుట్ట అని తొడుక్కున్నాక తెలిసింది.) రాత్రికి రాత్రి మార్చే దారి లేదు. అసలు ఎంత అందంగా ఉందంటే మార్చమనడానికి మనసూ రాలేదు. వేసుకుని అద్దం ముందు నిలబడితే, పెళ్ళిచూపులకి వెళ్తున్న ఎలుగుబంటిలా ఉన్నాను.

మా ప్రణాళిక ఇది. ఆ రోజు నాకు పరీక్ష అని ఇంట్లో చెప్పాను, అక్కకి తప్ప ఎవరికీ నిజం తెలీదు. ఊరి చివర పొలాల్లోని మోటారు షెడ్డులో వేషం వేసుకోవాలి. రేడియో స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని, హారను కొట్టుకుంటూ తిన్నగా పుట్టినరోజు పందిరి ముందు దింపాలి. అన్నీ బాగానే జరిగాయి, స్కూటరు ఒక్కటే కదలనంది. రేడియో తన్నీ తన్నీ చెమటలు కక్కి, "బావ, కేకు కోసేత్తారు, నువ్వు గట్టుమీంచి నడిచెల్లిపో, నాను ఎనకాల వత్తాను" అన్నాడు. చూడ్డానికి నోటి దగ్గర ఒక చిన్న సందు, అంతే. ఆ సందులోంచి గట్టు సగమే కనిపిస్తోంది. నాట్లేసిన మడుల మధ్యనుంచి, మఖమల్ లోపల ఉడికిపోతూ, అడుగులో అడుగేసుకుంటూ బయలుదేరాను.

ఎండుచేపల వాసన ముందుగా కుక్కలకి తెలిసింది. ఒకటి మొరిగింది, ఇంకోటి అందుకుంది, తల తిప్పి చూద్దామంటే బుట్ట తిరగదు, కాలి దగ్గర ఏదో గుర్రుమంది. నేను పరుగందుకున్నాను. దూరంగా కలుపు తీస్తున్న ఒక ముసలాయన నడుం పట్టుకుని లేచి చూశాడు. సాయంత్రం ఎండలో, పొలం గట్టుమీద, కాఫీ రంగుది, విశాలమైన ఛాతీది ఒకటి రెండు కాళ్ళమీద ఊరివైపు దౌడు తీస్తోంది. మన ఉత్తరాంధ్రలో ఎలుగుబంట్లు ఊళ్ళోకి దిగడం వింత కాదు కదా. జీడితోటల ఊళ్ళనుంచి అలాంటి కబుర్లు వింటూనే ఉంటాం. ఆయన ఇంకేం ఆలోచిస్తాడు?

"ఓరి నాయనోయ్! ఎలుగొడ్డొచ్చీసిందిరోయ్! గుంటల్ని లోపలెట్టండ్రోయ్!"

టీవీలో ఉన్నట్టే, నారింజ రంగులో గుమ్మటంలాంటి తలతో వచ్చి ఉంటే ఎవరైనా బొమ్మే అనుకునేవారు. మాస్టరుగారు దాని లోపాలన్నీ సరిచేసి అసలైన ఎలుగుబంటిని చేసి పంపారు. నేను కుక్కలనుంచి తప్పించుకుంటూ వీధి మొగలోకి వచ్చేసరికి ఊరు ఊరంతా కర్రలతో నిలబడి ఉంది. రేకు డబ్బాలు మోగుతున్నాయి. అందరికంటే ముందు, పుట్టినరోజుకి కట్టుకున్న కొత్త పంచె ఎగగట్టి, పందిరి గుంజ పీకి భుజానేసుకుని, మా బావ!

ఆ క్షణం నాకు బాగా గుర్తు. వెనక కుక్కలు, ముందు బావ. ఆయన వెనక అరుగు మీద, రంగుకాగితం టోపీలు పెట్టుకుని నోళ్ళు తెరిచిన పిల్లలు. వాళ్ళ మధ్యలో మావాడు, పక్కనే లాయరమ్మ. తల ఊడదీసి 'బావా, నేనే' అంటే చాలు, నా వీపు నాకు దక్కుతుంది. కానీ ఆ పిల్లాడి మాట పోతుంది. చేతులు బుట్ట దాకా వెళ్ళాయి. సందులోంచి మళ్ళీ ఒకసారి వాడి మొహం కనిపించింది. వాడొక్కడే భయపడటం లేదు. వాడొక్కడే నవ్వుతున్నాడు. చేతులు దించేశాను. బావ గుంజ ఎత్తాడు, దించాడు, ఎడమ భుజం మీద ధన్‌మని పడింది. (మాస్టరుగారు పదికాలాల పాటు చల్లగా ఉండాలి, ఆ దూది లేకపోతే నేను ఈ రోజు కుడిచేత్తోనే అన్ని పనులూ చేసుకుంటూ ఉండేవాణ్ణి.) రెండో దెబ్బ పడేలోపు నేను ఎక్కడలేని ఊపిరీ తెచ్చుకుని మూడు గంతులేశాను.

"భయం వలదు మిత్రులారా! జిలేబీ వచ్చేసింది!"

కర్రలన్నీ గాల్లో ఆగిపోయాయి. కుక్కలు కూడా ఊరుకున్నాయి. ఎలుగుబంటి రావడం ఆ ఊరికి అర్థమయ్యే సంగతే, వచ్చిన ఎలుగుబంటి గ్రాంథికంలో అభయమివ్వడం ఎవరికీ అర్థం కాలేదు. "మాటాడతందర్రా!" అన్నారెవరో సన్నగా. మరుక్షణం అరుగు మీంచి పిల్లలు వరదలా వచ్చి నా మీద పడ్డారు. ఆ కేకలు, ఆ చప్పట్లు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఒకడు కాలు పట్టుకున్నాడు, ఒకడు తోక లాగాడు. బుడ్డోడు నా నడుం చుట్టూ చేతులేసి, చెంప మఖమల్‌కి ఆనించి, కదలకుండా నిలబడ్డాడు.

"ఆగండి!" అంది లాయరమ్మ. అందరూ ఆగారు. ఆ పిల్ల నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "ఇది జిలేబీ కాదు. జిలేబీ ఈ రంగుండదు. దాని తల పెద్దది." తర్వాత నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. "జిలేబీ చేతికి నాలుగు వేళ్ళే ఉంటాయి. దీనికి ఐదున్నాయి. నేను లెక్కెట్టాను. ఇది దొంగ ఎలుగు!"

నేను సందులోంచి నా చెయ్యి నేను చూసుకున్నాను. నిజమే, ఐదు. మాస్టరుగారి గొణుగుడు అప్పుడు వెలిగింది. పాపం బిడ్డకి ఒక వేలు లేదని జాలిపడి, ఆయన శ్రద్ధగా ఐదోది కుట్టేశారు. టీవీ బొమ్మలకి వేళ్ళు తక్కువుంటాయని ఇన్నాళ్ళు నేలమీద కూర్చుని చూసిన నేనూ గమనించలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, ఒకడు అప్పుడే నా కాలు వదిలేశాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

బుడ్డోడు నా చెయ్యి అందుకుని, ఒక్కొక్క వేలూ ముట్టుకుని చూశాడు. తర్వాత చాలా శాంతంగా లాయరమ్మ వైపు తిరిగాడు.

"టీవీలోది బొమ్మ. నువ్వే కదా పెన్సిల్‌తో గీశారన్నావు? గీసినవాళ్ళు ఒక వేలు మర్చిపోయారు. ఇది అసలుది. అసలుదానికి ఐదు ఉంటాయి."

లాయరమ్మ తన చేతివేళ్ళు చూసుకుంది, నావి చూసింది. "అయితే రంగు కూడా తప్పేశారేటి?" అంది. "అవును, వాళ్ళ దగ్గర కాఫీ రంగు లేదు" అన్నాడు వీడు. ఆ పిల్ల వచ్చి నా రెండో చెయ్యి పట్టుకుంది. కేసు గెలిచాం! పిల్లలందరూ మళ్ళీ గోల. నేను ఎగిరాను, తిరిగాను, కేకు దగ్గర చప్పట్లు కొట్టాను. నానమ్మ నాకూ హారతిచ్చి, "బాబ్బాబు, మా గుంటడు సల్లగుండాల" అని దణ్ణం పెట్టింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. చివరికి కళ్ళు తిరిగి గోడకి చేరబడితే, బావ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నోటి సందులోంచి పోస్తూ, నా కాళ్ళకున్న చెప్పులవంక చూశాడు. అవి ఆయన కొనిపెట్టినవే.

"పరీక్ష ఎలా రాసావురా బావమరిదీ?" అన్నాడు బుట్ట దగ్గర నోరుపెట్టి.

నేను నీళ్ళు మింగాను. బావ లేచి నిలబడి, "జరగండ్రా, ఎలుగుగోరికి గాలి ఆడాల, ఎల్లిపోవాల, శానా దూరం ఎల్లాల" అని పిల్లల్ని తప్పించి, తనే నన్ను గట్టుదాకా సాగనంపాడు. దారిలో దెబ్బ తగిలిన భుజాన్ని రెండుసార్లు రుద్దాడు.

చీకటి పడుతుండగా, కోచింగ్ సంచి భుజానేసుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చాను. బుడ్డోడు గుమ్మంలోనే కూర్చున్నాడు. నన్ను చూడగానే ఒక్క దూకు దూకాడు. ఆ దూకుడులో వాడి టీవీ తెలుగంతా ఎక్కడో రాలిపోయింది.

"మామయ్యా! నువ్వెక్కడికి ఎల్లిపోనావు? వచ్చీసింది మామయ్యా! నిజింగా వచ్చీసింది! నువ్వు సూణ్ణేదు! నాన్న కొట్టినా ఏడవనేదు! సేతికి ఐదేళ్ళున్నాయి! నువ్వుంటే ఎంత బాగుండును!" అని నన్ను లాక్కెళ్ళి, ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడ గంతేసిందో, ఏ గోడకి చేరబడిందో అన్నీ చూపించాడు. నాకోసం దాచిన కేకు ముక్క పెట్టాడు. నేను చూడలేదని వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళల్లో కూడా తిరిగాయి, ఎందుకో సరిగ్గా చెప్పలేను. అంత గొప్ప సంగతి నేను నిజంగానే చూడలేకపోయానని ఆ పూట నాకూ బాధేసింది.

తర్వాత బ్యాంకు నన్ను రమ్మనలేదు. వేరే ఏదో ఉద్యోగం వచ్చింది, నడుస్తోంది. బుడ్డోడికి గెడ్డం వచ్చింది. నేను బ్యాంకు పరీక్షలకి వెళ్ళిన ద్వారకా నగర్‌లోనే వాడు యానిమేషన్ నేర్చుకుని, కార్టూన్లు తీసే ఒక చోట చేరాడు. (మామ చదవని చదువంతా మేనల్లుడు చదివాడని బావ ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు.) మొన్నీమధ్య ఫోన్లో ఒక బొమ్మ పంపాడు. పొలం గట్టు మీద కుక్కలు తరుముతుంటే పరిగెడుతున్న ఎలుగుబంటి. కాఫీ రంగు, విశాలమైన భుజాలు, సన్నటి నడుం. రేడియో ఆ బొమ్మని వాళ్ళ నాన్నగారికి చూపించాడట. మాస్టరుగారు ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేరు గానీ, ఫోన్ని కంటిదాకా తెచ్చుకుని, "కొలత సరిగ్గా ఉంది" అన్నారట.

బొమ్మ కింద మావాడు ఇలా రాశాడు: 'మామయ్యా, ఇక్కడందరూ ఒక వేలు తీసెయ్యమంటన్నారు, కార్టూనుకి నాలుగు సాలంట. నాను తియ్యనన్నాను. ఆ రోజు నువ్వు నేవు గానీ, దానికి ఐదే ఉన్నాయి. నాను ముట్టుకుని సూసాను.'

తియ్యకురా, నీ మాట నాకు నమ్మకమే, నాకే ఆ రోజు చూసే అదృష్టం లేకపోయింది అని జవాబు రాశాను. వెంటనే ఒక నవ్వు మొహం వచ్చింది. అది ఎలాంటి నవ్వో నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు. ఫోన్ పక్కన పెట్టి, ఎడమ భుజం ఒకసారి తడుముకున్నాను. బావ గుంజ పడింది అక్కడే.